ట్రంకుపెట్టెలో పెరిగిన పిల్ల

వసుంధర ట్రంకుపెట్టె మూత ఎత్తి అలాగే నిలబడిపోయింది. అక్కడ కదా మనం పోయినవారం వదిలేశాం. పెట్టె అడుగున పరిచిన పాత పేపరూ, మూలల్లో కరిగి చిన్నవైపోయిన కలరా ఉండలూ తప్ప లోపల ఇంకేం లేదు.

కొత్తగా చదివేవాళ్ల కోసం రెండు ముక్కలు చెప్పి ముందుకు పోదాం. సోమేశ్వరరావు గారు గుడివాడ కాలేజీలో ఫిజిక్సు చెప్పి రిటైరైన మాస్టారు. హేతువాద సభల్లో ఆయన లేచి మైకు పట్టుకున్నారంటే బాబాలూ, సోదెమ్మలూ ఆ రోజుకి దుకాణం కట్టేసుకోవలసిందే. ఆయన భార్య వసుంధర. వాళ్లకి ఒక్కగానొక్క కూతురు ఝాన్సీలక్ష్మి. ఏడేళ్ల పిల్ల, నాగులచవితికని దివిసీమలో అమ్మమ్మగారి ఊరు వెళ్లింది. ఆ ఏడే డెబ్భై ఏడు ఉప్పెన. అమ్మమ్మ శవం దొరికింది. పిల్ల దొరకలేదు.

ఏడాది తిరిగాక ఓ మధ్యాహ్నం వసుంధర రోట్లో కందిపచ్చడి నూరుతుంటే "అమ్మా" అని పిలుపు వినబడింది. తర్వాత అది ఆగలేదు. ఏళ్లతోపాటు ఆ గొంతు కూడా పెరిగి పెద్దదైంది. ఏటా కార్తీకంలో ఆ పిల్ల అడిగిన రంగు బట్టలు పెడనలో చెప్పి నేయించి, తల్లి ట్రంకులో పెడుతూ వచ్చింది. పరికిణీలు, ఆ తర్వాత ఓణీలు, ఆ తర్వాత చీరలు. ఈ దసరా వెళ్లాక మాస్టారు ఆవిణ్ణి బందరులో డాక్టరుకి చూపించారు. మాత్రలు పనిచేశాయి. పిలుపు ఆగిపోయింది. ఈలోగా కోనసీమలో తుఫాను వచ్చింది, గుడివాడలో కుర్రాళ్లు ఇంటింటికీ తిరిగి బట్టలు పోగుచేశారు.

ఇప్పుడు గదిలోకి వెళ్దాం.

సోమేశ్వరరావు గారు గుమ్మంలో నిలబడి భార్య వీపు చూస్తున్నారు. ఆవిడ ఏడుస్తుందనుకున్నారు, లేకపోతే కేకలేస్తుందనుకున్నారు. రెండిటికీ జవాబు సిద్ధం చేసుకునే ఉన్నారు. ఆవిడ రెండూ చెయ్యలేదు.

"ఎవరికిచ్చారండీ?" అంది, వెనక్కి తిరక్కుండానే.

"తుఫాను బాధితులకి. మన సత్తిబాబు లారీ తెచ్చాడు. నా దగ్గర చదువుకున్నవాడేగా, గుమ్మంలోకొచ్చి అడిగాడు. నువ్వు నిద్రపోతున్నావు."

"అన్నీనా?"

"అన్నీ."

"చిలకపచ్చ పరికిణీ కూడానా?"

"వసుంధరా, అక్కడ జనం బడుల్లో తడిబట్టలతో పడుకుంటున్నారు. ఇక్కడ ఎవరూ కట్టని బట్టలు మడత నలక్కుండా మూలుగుతున్నాయి. ఎవరి ఒంటిమీదుంటే వాటికి ఉపయోగమో నువ్వే చెప్పు."

ఈ మాట ఆయన పొద్దుటినుంచీ లోలోపల అటూ ఇటూ తిప్పి చూసుకున్నదే. ఎటు తిప్పినా నిలబడే మాట. వసుంధరకి కూడా అలాగే అనిపించిందేమో, పెట్టె అంచుమీద చెయ్యి వేసుకుని మెల్లగా నేలమీద కూలబడింది.

"మీరన్నది నిజమేనండి. నన్నడిగితే నేనే ఇచ్చేదాన్ని. ఉప్పెన చూసిన పిల్ల, తుఫానులో తడిసినవాళ్లకి ఇవ్వొద్దంటుందా?"

"మరింకేం?"

"దాన్నడిగి ఇచ్చేదాన్ని. ఒక్కొక్కటే బయటికి తీసి, ఇదిగో తల్లీ, నువ్వు పెద్దమనిషివైన ఏడాది ఓణీ, ఇచ్చెయ్యనా అనడిగి ఇచ్చేదాన్ని. ముందు దాని నోరు కట్టేశారు. తర్వాత నన్ను పడుకోబెట్టారు. ఆ తర్వాత పెట్టె తీశారు. దొంగలు కూడా ఇంత వరస పెట్టుకోరండీ."

ఆయన ముఖం ఎర్రబడింది. "ఆ పిల్ల లేదు, వసుంధరా."

"ఆ ముక్క మీరు ఉప్పెన తర్వాత దివిసీమలో, ఆ గట్టుమీదే చెప్పారు. ఇంకొక్క రోజు వెతుకుదామండీ అన్నాను. నీళ్లు తాటిచెట్టు మొవ్వు దాకా లేచాయి, గాలి ఇంత, పిల్ల బరువు ఇంత, కాబట్టి వెతకడం అనవసరం అన్నారు. నేను నోరుమూసుకుని లారీ ఎక్కాను. మీ లెక్క నేనెప్పుడూ కాదనలేదు."

అంతే అంది. లేచి పెట్టె మూత వేసి, ఎప్పుడూ వేసే తాళం వెయ్యకుండా వదిలేసి వంటింట్లోకి వెళ్లిపోయింది. తాళంచెవి కొంగుకే వేలాడుతోంది.

ఆ తర్వాత వారం రోజులు ఆ ఇంట్లో గొడవ లేదు. అన్నం వేళకి అన్నం, కాఫీ వేళకి కాఫీ. ఆయన మాత్ర చేతిలో పెడితే ఆవిడ గ్లాసు తీసుకుని పెరటివైపు వెళ్లేది. డాక్టరు కోరుకునే రోగి ఎలా ఉండాలో అలా ఉంది. మాస్టారికే ఏదో తేడా చేసింది.

సాయంత్రం కాఫీ దగ్గర బయటపడింది ఆ తేడా. ఇన్నేళ్లూ ఆ వేళకి వసుంధర గ్లాసు అందిస్తూ, "ఇవాళ అమ్మాయి ఏమందంటే" అని మొదలుపెట్టేది. ఆయన పేపరు దించి, శబ్దానికి గాలి కావాలి, గొంతుకి ఊపిరితిత్తులు కావాలి, అని అందుకునేవారు. "మీరలా అంటారని అదే చెప్పింది" అనేది ఆవిడ. రోజూ ఇదే పోట్లాట. ఒక ఏడు ఏమైందనుకున్నారు, ఝాన్సీ ఇంటర్లో చేరిందంది వసుంధర. ఏ గ్రూపు అని ఆయన ఎగతాళిగానే అడిగారు. బైపీసీ అంది. ఆయనకి ఒళ్లు మండిపోయింది. "నా కూతురు లెక్కలు వదిలేస్తుందా, ఎవరు చెప్పారు దానికి?" అని రెండురోజులు అన్నం దగ్గర మాట్లాడలేదు. లేని పిల్ల బైపీసీ తీసుకుందని ఉన్న తండ్రి అలిగి కూర్చున్నాడు. ఆ సంగతి ఆయనకి అప్పుడు తోచలేదు. ఇప్పుడు, ఈ నిశ్శబ్దంలో, చేతిలో గ్లాసు చల్లారిపోతుంటే తోచింది.

ఒక సాయంత్రం తనకి తెలీకుండానే, "ఇంకేంటి కబుర్లు?" అన్నారు.

"ఏమున్నాయండి" అంది వసుంధర.

ఆయన పేపరు ఎత్తి ముఖానికి అడ్డం పెట్టుకున్నారు. అక్షరాలు అలుక్కుపోయాయి. కళ్లద్దాలు తుడుచుకున్నా అలాగే ఉన్నాయి.

నిజానికి ఆవిణ్ణి బందరు తీసుకెళ్లింది జబ్బు ముదిరి కాదు. దసరా సెలవుల్లో సభ తాలూకు పెద్దలు నలుగురు ఇంటికొచ్చారు. అందరికీ కాఫీలిస్తూ వసుంధర, "మా అమ్మాయికి ఈమధ్య ఒకటే జలుబండి, గొంతు బొంగురుపోయింది" అనేసింది. వాళ్లు ఒకళ్ల ముఖం ఒకళ్లు చూసుకున్నారు. ఒకాయన నవ్వు దగ్గులోకి దించుకున్నాడు. మాస్టారికి తల కొట్టేసినట్టయింది. ఆ నవ్వే మర్నాడు ఆయన్ని బందరు బండెక్కించింది.

మళ్లీ చూపించాల్సిన రోజు రానే వచ్చింది. పొద్దున్నే ఇద్దరూ గుడివాడ స్టేషనులో బందరు పాసింజరు ఎక్కి కిటికీ పక్క ఎదురెదురుగా కూర్చున్నారు. కోతలైన చేలల్లో కుప్పలు, వాటిమీద మంచు ఇంకా ఆరలేదు. కవుతరంలో వసుంధర జామకాయలు కొంది. దోరవి ఆయనకి ఏరిపెట్టి, పండినది తాను తీసుకుంది. మామూలుగా అయితే మూడోది ఒకటి ఏరి సంచిలో వేసుకునేది. ఇవాళ వేసుకోలేదు. అది ఆయన గమనించారు. గమనించినందుకు తనమీద తనకే విసుగొచ్చింది.

ఆయనకి డాక్టర్ రజని గారి మాటలు గుర్తొస్తున్నాయి. మొదటిసారి వెళ్లినప్పుడు ఆవిడ వసుంధరని బయట కూర్చోబెట్టి అడిగింది. "ఆ పిలుపు వల్ల ఆవిడకి నిద్ర పట్టడం లేదా మాస్టారూ? తిండి మానేశారా? భయపడుతున్నారా?"

"అబ్బే, అవేం లేవండి. శుభ్రంగా ఉంటుంది."

"మరి కష్టం ఎవరికండీ?"

"అది నిజం కాదు కదండీ" అన్నారు ఈయన.

"నిజం కాదని ఆవిడకి తెలీదంటారా? ఎప్పుడైనా అడిగారా?"

ఫిజిక్సు చెప్పినవాణ్ణి పట్టుకుని ఒక డాక్టరు అడగవలసిన ప్రశ్నేనా ఇది అని అప్పుడు చిరాకుపడ్డారు. గట్టిగా పట్టుబడితే ఆవిడ తేలికపాటి మాత్రలు రాసి, నెల చూద్దాం, ఈసారి ఇద్దరితోనూ కూర్చుని మాట్లాడతాను అంది. ఇప్పుడు బండి కదులుతుంటే ఆ ప్రశ్న కూడా ఆయనతోపాటు కదులుతోంది. ఉప్పెన తర్వాత ఈ పంతొమ్మిదేళ్లూ పక్కనే ఉన్న మనిషిని ఆ ఒక్కటీ అడగలేదు. అడగక్కర్లేదనుకున్నారు. జవాబు తనకి తెలుసుననుకున్నారు.

"వసుంధరా, ఒకటడుగుతాను. కోపం తెచ్చుకోకు."

"అడగండి."

"ఝాన్సీ ఎక్కడో బతికే ఉందని అనుకుంటున్నావా?"

ఆవిడ జామకాయ కొరకబోతూ ఆగింది. "అదేం ప్రశ్నండీ. పోయిందిగా."

బండి చప్పుడులో సరిగా వినలేదేమో అనుకున్నారు ఆయన. "నీకు తెలుసా?"

"నాకు తెలీకపోవడమేంటి. గట్టుమీద మీరు లెక్క చెప్పకముందే తెలుసు. అమ్మని పడుకోబెట్టారు చూడండి, చాప కప్పి. చాప తీసి నేను చూశాను. అమ్మ కొంగుచివర దాని ఎర్ర రిబ్బను కట్టి ఉంది. నీళ్లు వస్తున్నప్పుడు పిల్లని తనకే కట్టుకుందన్నమాట. పిల్ల చేతికి కొంగు సరిపోక, జడ రిబ్బను తీసి దానికీ దీనికీ కలిపి ముడేసుంటుంది. ముడి అలాగే ఉందండి. రిబ్బనే తెగింది."

సోమేశ్వరరావు గారు ఎదుటి సీటులో కూర్చున్న భార్యని ఇప్పుడే మొదటిసారి చూస్తున్నట్టు చూశారు.

"నాకెప్పుడూ చెప్పలేదే."

"మీరప్పటికే తేల్చేశారు కదండీ. ఇంకా చెప్పడానికేముంది?"

"మరి ఇన్నేళ్లూ ఆ బట్టలూ, ఆ కబుర్లూ?"

"పోయిందని తెలిసిన పిల్లని పెంచకూడదని ఎవరన్నారు? కడుపులో ఉన్నప్పుడు మాత్రం కనబడిందా? అప్పుడూ మాట్లాడాను. తంతుంటే కసిరాను. మీరు కూడా చెవి ఆనించి, ఝాన్సీ అని పిలిచేవారు, మగపిల్లాడైతే ఏం చేస్తారంటే వినేవారు కాదు. అప్పుడెవరూ మనల్ని డాక్టరు దగ్గరికి పంపలేదే."

"అది వేరు."

"వేరేనండి. కాదన్నానా? అది రాబోయే పిల్ల, ఇది వెళ్లిపోయిన పిల్ల. కన్నదాన్ని నేనే కదా, రెండుసార్లూ పలికాను." జామకాయ కొరికి, నెమ్మదిగా నమిలి మింగింది. "నిజమా అబద్ధమా అన్నది మీ మీటింగుల్లో తేల్చుకోండి. నాకు సాయంత్రం కాఫీ వేళకి దాని కబురొకటి ఉంటే చాలు. మీకూ అలవాటైందిలెండి. మొన్న మీరే అడిగారు."

ఆయన తల కిటికీ వైపు తిప్పుకున్నారు. కళ్లముందు చేలు వెనక్కి పోతున్నాయి. ఉప్పెన తర్వాత ఈయన కూతురి పేరు ఎక్కడా ఎత్తలేదు. కాలేజీలో ఎత్తలేదు, సభల్లో ఎత్తలేదు, అన్నదమ్ముల దగ్గర ఎత్తలేదు. ఒక్క ఆ కాఫీ పోట్లాటలోనే, ఝాన్సీ లేదు, ఝాన్సీ మాట్లాడదు అంటూ రోజూ ఝాన్సీ, ఝాన్సీ అనేవారు. ఇప్పుడు ఆ పేరు పలకడానికి ఆయనకి చోటే లేకుండా పోయింది. అడ్డం కొట్టడానికైనా ఒకళ్లు ఉందనాలి కదా.

పెడన స్టేషను వచ్చింది. వసుంధర సంచి తీసుకుని లేచింది. "దిగండి."

"బందరు ఇంకా రాలేదు."

"దైవాధీనం దగ్గర పనుంది. అక్కణ్ణించి బస్సులో పోదాం. డాక్టరమ్మ మధ్యాహ్నం దాకా ఉంటుందిగా."

దైవాధీనం సాలెవాళ్ల వీధిలో ఉంటాడు. ఏటా ఝాన్సీ బట్టలు నేసేది అతనే. వీధి పొడుగునా నూలు పడుగులు సాగదీసి గంజి పెడుతున్నారు. గంజి వాసన, మగ్గాల టకటక. మాస్టారు ఈ వీధిలోకి రావడం ఇదే మొదలు. ఏటా వసుంధర ఒక్కతే వచ్చి వెళ్లేది.

దైవాధీనం మగ్గం గుంటలోంచి చేతులు ఆనించి పైకి లేచాడు. ముసలాడు, నవ్వు మాత్రం పళ్లన్నీ ఉన్నవాడి నవ్వు.

"రండి అమ్మగారూ. ఏంటండీ ఈ ఏడు ఇంత ఆలస్యం. కార్తీకం అయిపోవస్తోంది, మర్చిపోయారనుకున్నాను. ఈయన మాస్టారేనాండి? కూర్చోండి బాబూ, ఆ మంచం మీద కూర్చోండి."

"ఒంట్లో బాగోలేదయ్యా" అంది వసుంధర.

"అయ్యో. అమ్మాయిగారు బాగున్నారాండి?"

ఇన్నేళ్లలో ఆ ప్రశ్నకి వసుంధర దగ్గర జవాబు లేకపోవడం ఇదే మొదటిసారి. ఇదివరకటి సోమేశ్వరరావు గారైతే, ఏ అమ్మాయయ్యా అని అక్కడే నిలదీసేవారు. ఆయన భార్య ముఖం చూశారు. గొంతు సవరించుకున్నారు.

"బాగానే ఉందయ్యా" అన్నారు. "ఈమధ్య మాతో మాట్లాడ్డం లేదు."

వసుంధర చటుక్కున తలెత్తింది.

"కోపమొచ్చుంటుందిలెండి" అన్నాడు దైవాధీనం, అదేం పెద్ద సంగతి కానట్టు. "ఎదిగిన పిల్లలు అంతేనండి. మన తప్పేంటో చెప్పరు, మనమే వెతుక్కోవాలి. ఉండండి, సరుకు తెస్తాను."

అతను లోపలికి వెళ్తుంటే మాస్టారు ఆగలేక అడిగారు. "దైవాధీనం, మా అమ్మాయి ఉప్పెనలో పోయిన సంగతి నీకు తెలుసు కదా?"

"తెలుసండి. మొదటి ఏడే అమ్మగారు చెప్పారు."

"మరి బాగుందా అని అడుగుతావేం?"

దైవాధీనం గుమ్మంలో ఆగి ఆలోచించాడు. "అమ్మగారు కొలతలు చెప్తారు కదండీ, ఈ ఏడు ఇంత పొడుగైంది, ఇంత సన్నబడింది అని. కొలతలు తీసుకుని బాగోగులు అడక్కపోతే ఏం బాగుంటుందండి" అని లోపలికి పోయాడు.

తెచ్చిన పొట్లం పాతపేపరు చుట్టి, పురికొసతో కట్టి ఉంది. వసుంధర చేతికి ఇవ్వబోతే ఆవిడ అందుకోకుండా మాస్టారి వైపు చూపించింది. ఆయన విప్పారు. చీర ఉంటుందనుకున్నారు. లోపల తెల్లటి పంచెల చాపు, సన్నటి ఎర్ర అంచుతో. రిబ్బనంత అంచు.

"ఇదేంటి?"

"దసరా ముందు వచ్చి చెప్పారండి అమ్మగారు" అన్నాడు దైవాధీనం. "ఈ ఏడు చీరొద్దు, మాస్టారికి పంచెలు నెయ్యమన్నారు. అంచు రంగు కూడా అమ్మాయిగారే చెప్పారన్నారు."

సోమేశ్వరరావు గారు పంచె కట్టే మనిషి కాదు. తన దండల పెళ్లికి కూడా ప్యాంటూ చొక్కాతోనే స్టేజీ ఎక్కారు. పంచె కడితే ఎవరో ఒకరు పూజకో తద్దినానికో పీటమీద కూర్చోబెడతారని భయం. ఆ చాపు ఒళ్లో పెట్టుకుని అంచు తడిమారు. కొత్త నూలు గంజి బిరుసుతో వేళ్లకి తగులుతోంది.

బయటికొచ్చి బస్సు కోసం రోడ్డు పక్క నిలబడ్డాక ఆయన అడిగారు.

"పంచె ఎందుకట?"

"ఈ ఏడు నాకేం వద్దమ్మా, నాన్నకి పంచెలు తెప్పించు, అవి కట్టించి దివిసీమ తీసుకురా అంది."

దివిసీమ. ఆ గట్టు దిగి లారీ ఎక్కాక ఆయన అటువైపు మళ్లీ అడుగు పెట్టలేదు. మీటింగు ఉందని పిలిచినా ఏదో వంక పెట్టి మానేసేవారు.

"ఎందుకు తీసుకురమ్మంది?"

"అడుగుదామనే అనుకున్నానండి. ఇల్లంతా చుట్టాలు, దసరా హడావిడి, తీరిగ్గా అడుగుదాంలే అనుకున్నాను. ఈలోగా మీరు మాత్రలు తెచ్చారు."

అడగనిది ఆవిడ, అడగనివ్వనిది తను. సభలో అయితే ఇలాంటి ప్రశ్నని ఒక్కమాటతో తుడిచేసేవారు. ఇక్కడ ఆయన చేతిలో పొట్లం ఉంది. కూతురి జవాబు కావాలని, చిన్నపిల్లాడికి బెల్లం కావాలనిపించినట్టు కావాలనిపిస్తోంది.

"మాత్రలు వేసుకుంటున్నావు కదా?" అన్నారు చివరికి.

"మీరు చేతిలో పెడితే తీసుకుంటున్నాను. తీసుకెళ్లి గన్నేరు మొదట్లో పెడుతున్నాను. ఖాళీ పెట్టె చూసుకున్న రోజునుంచీ."

తిడతారని ఆవిడ కొంగు సర్దుకుని సిద్ధంగా నిలబడింది. ఆయన తిట్టలేదు. దూరంగా బందరు బస్సు దుమ్ము లేపుకుంటూ వస్తోంది. ఆయన ఆ దుమ్ముకేసి చూస్తూ, పొట్లం గుండెకి ఆనించుకుని, వినబడీ వినబడనట్టు అడిగారు.

"మరి... పలికిందా?"

వసుంధర ఆయన ముఖంలోకి చూసింది. ఆయన కళ్లల్లో ఎగతాళి లేదు. ఉప్పెన తర్వాత ఆ గట్టుమీద, లెక్క చెప్పకముందు, క్షణంసేపు ఉన్న కళ్లు అవి. ఆవిడకి గుర్తున్నాయి.

"ఇవాళ పొద్దున పలికిందండీ. మీరు గడ్డం గీసుకుంటున్నప్పుడు."

"ఏమంది?"

"ఏమీ అనలేదు. ఒక్క పిలుపు పిలిచి ఊరుకుంది." బస్సు వచ్చి ఆగింది. ఆవిడ ఎక్కలేదు, ఆయన చెయ్యి పట్టుకుంది. "కానీ, పిలిచింది నన్ను కాదు."